'ర' వరుసలో ఒక పలక

మొన్న ఆదివారం పొద్దున్నే మా తమ్ముడి కూతురు కంభం నుంచి బస్సు దిగి, చెప్పులు గడప దగ్గర ఒకటి, మెట్టు మీద ఒకటి విడిచి, సరాసరి వంటింట్లోకి వచ్చి లాప్‌టాప్ గట్టు మీద పెట్టింది. ఇన్నేళ్ళుగా రాస్తున్న దాని పీహెచ్‌డీ గ్రంథం పూర్తయిందట, చివరి పేజీలు నేను చూడాలట. పోపు మాడిపోతుందే తల్లీ అని నేను మొత్తుకుంటున్నా వినదు. ఒక మీట నొక్కితే అది చదివిన పుస్తకాలన్నీ, రచయిత పేరు, పుస్తకం పేరు, ప్రచురించినవారు, ఊరు, సంవత్సరం, ఎక్కడ చుక్క పడాలో అక్కడ చుక్క, ఎక్కడ కామా పడాలో అక్కడ కామాతో సహా తెర మీదికి దిగాయి. ఇంకో మీట నొక్కితే బడిపిల్లలు ప్రార్థనకు నిలబడ్డట్టు అకారాది క్రమంలో వరుసగా నిలబడ్డాయి. నాకు ముచ్చటేసింది, కొంచెం ఒళ్ళు మండింది కూడా. నేను మూడు వారాలు నడుం విరగ్గొట్టుకున్న పని అది.

"ఇంకా ఉంది, ఇది చూడత్తా" అని పేజీ కిందికి జరిపింది. అక్కడ 'సమాచారం ఇచ్చినవారు' అని వేరే జాబితా ఉంది. అందులో నా పేరుంది. పక్కన బ్రాకెట్‌లో, విశ్రాంత లెక్చరర్, పలకల పనివాడి కూతురు, పరిశోధకురాలికి మేనత్త అని కూడా రాసింది. పోయిన వేసవిలో అది రెండు రోజులు నా మంచం పక్కన కూర్చుని, ఫోను నా ముందు పెట్టి, మార్కాపురం పలకల పని ఎట్లా ఉండేదో నా చేత చెప్పించుకున్నది. దానికి గుర్తుగా నన్ను సంతోషపెడదామని పిల్ల అంత దూరం నుంచి వచ్చింది.

నేను పొయ్యి కట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయాను. నా కళ్ళు చూసి ఉల్లిపాయల ఘాటనుకున్నది. దానికి ఆ రోజు సగమే చెప్పాను, మిగతా సగం మన ఈడు వాళ్ళకైతేనే చెప్పగలననిపించి ఇది రాస్తున్నాను.

మా నాయన పలకల కార్ఖానాలో రాతి పొరలు విడదీసేవాడు. పెద్ద దిమ్మను ఒళ్ళో బిడ్డలా నిలబెట్టుకుని, వెడల్పు ఉలిని అంచున ఆనించి, సుత్తితో రెండు మెల్లని దెబ్బలు వేస్తే అప్పడంలా పొర ఊడి వచ్చేది. ఎక్కువ కొడితే పగులుతుంది, తక్కువ కొడితే కదలదు, ఎంత కొట్టాలో రాయే చెబుతుందనేవాడు. మన తరంలో పలక పట్టుకోకుండా బడికి పోయినవాళ్ళు ఎవరున్నారు గనక! మీలో ఎవరైనా ఓనమాలు దిద్దిన పలక నాయన చేతి మీదుగా వచ్చిందే అయినా కావచ్చు. ఆయన పుట్టేనాటికి మా ఊరు కర్నూలు జిల్లా, నేను హైస్కూలుకు వచ్చేనాటికి ప్రకాశం జిల్లా, ఆ తర్వాత కూడా గీతలు చెరుపుతూ గీస్తూనే ఉన్నారు గానీ, నాయనకు ఏ జిల్లా అయినా ఆ కార్ఖానా షెడ్డే.

అంత పలకల మధ్య బతికిన మనిషికి రాయడం రాదు. ఇది చెబితే అందరూ అయ్యో అంటారు, నాయన మాత్రం నవ్వేవాడు. నేను అక్షరాలు దిద్దే రోజుల్లో పక్కన కూర్చుని తానూ గుర్తుపట్టడం నేర్చుకున్నాడు, బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు కూడబలుక్కుని చదివేవాడు. రాయబోతే మాత్రం ఉలి పట్టిన వేళ్ళు బలపం దగ్గర మొరాయించేవి. వేలిముద్రే ఆయన సంతకం.

వేలిముద్ర కాక ఇంకొకటి ఉండేది, గుర్తు. కార్ఖానాలో ప్రతి పనివాడూ తాను తీసిన పలకలు ఒక దొంతరగా పేర్చి, పైపలక మీద ఉలి మొనతో తన గుర్తు గీసేవాడు. ఒకరిది చుక్కల ముగ్గు, ఒకరిది కొడవలి వంపు. మా నాయనది రెండు అడ్డగీతలు, వాటి మధ్యగా ఒక నిలువు గీత. ఇది ఫలానా వాడి పని అని చెప్పడానికి ఆ గుర్తు ఒక్కటి చాలు. దొంతర మీది గుర్తు పలకను వేరేవాళ్ళు తీసి పక్కన పెట్టడమంటే నువ్వు చేసింది పనే కాదు పో అన్నట్టు లెక్క. ఆ తప్పు చేసినవాడితో ఏళ్ళ తరబడి మాట్లాడనివాళ్ళు ఉన్నారు. ఈ సంగతంతా నా సిద్ధాంత గ్రంథం మూడో అధ్యాయంలో నేనే వివరంగా రాశాను, చెప్పింది నాయన.

జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పుకుంటూ, నలభై దాటాక, చదువు మీద ప్రేమ కొంత, పదోన్నతి మీద ఆశ కొంత కలిసి నేను పీహెచ్‌డీలో చేరాను. పలకల పనివాళ్ళ పనిమాటలు, ఆచారాలు నా విషయం. పేరుకు పరిశోధన నాదే గానీ, కాళ్ళరిగేలా తిరిగింది నాయన. అప్పటికే ఆయన ఛాతీలో రాతిదుమ్ము చేరి పని మానేశాడు. నాలుగడుగులు వేస్తే దగ్గు వచ్చేది, అరుగు కనబడితే కూర్చుని మళ్ళీ లేచేవాడు. అట్లాగే నన్ను వెంటబెట్టుకుని ఒక్కొక్క పాత స్నేహితుడి ఇంటికి తీసుకుపోయి, "మా అమ్మాయికి మన పని సంగతులు చెప్పండన్నా, బుక్కులో రాస్తాదంట" అనేవాడు. ఆ 'బుక్కు' అనే మాట దగ్గర ఆయన గొంతు కొంచెం పెరిగేది. వాళ్ళు మరిచిపోయిన మాటలు పక్కనుంచి అందించేది కూడా ఆయనే. ఇరవై ఆరుగురి దగ్గర తీసుకున్న సమాచారం అని నేను రాసుకున్నదాంట్లో సగానికి పైగా నాయన నోటి నుంచి వచ్చినదే.

సమాచారం ఇచ్చినవారి జాబితాలో ఆయన పేరు ముందుగానే రాసి మా గైడుగారికి చూపించాను. పెద్దాయన, మంచివాడు, నియమాల మనిషి. కళ్ళద్దాల మీదుగా చూసి, సొంత తండ్రి పేరు పెడితే ఇంట్లో కూర్చుని రాసిందంటారమ్మా, పరీక్షకులు ఊరుకోరు, అంకితం ఇచ్చుకోండి, జాబితాలో వద్దు అన్నారు. నేను తలూపాను. ఆ పేరు మీద నేనే ఎర్రసిరాతో గీత కొట్టాను. ఎదురు చెప్పి ఉంటే ఆయన ఒప్పుకునేవారేమో, ఈనాటికీ తెలియదు. ఇంటికి వచ్చి నాయనకు ఆ సంగతి చెప్పలేదు. చెబితే చిన్నబుచ్చుకుంటాడని చెప్పలేదని అప్పుడు అనుకున్నాను గానీ, నిజానికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇక టైపు సంగతి. అప్పుడప్పుడే మా ఊళ్ళో డీటీపీ సెంటర్లు వెలిశాయి. బజారులో బట్టల దుకాణం వాళ్ళబ్బాయి ఒకాయన, తండ్రి వ్యాపారం నచ్చక, దుకాణం మేడ మీద రెండు కంప్యూటర్లు పెట్టుకున్నాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను మేడమక్కా అనేవాడు. గ్రంథమంతా ఆయనే టైపు చేశాడు. చివరికి పుస్తకాల పట్టిక మిగిలింది. నూట అరవై చిల్లర పుస్తకాలు, నేను చదివిన వరుసలో గజిబిజిగా ఉన్నాయి. "అకారాదిలో పెట్టడం ఒక్క నిమిషం పని మేడమక్కా, కంప్యూటరే సర్దుతాది, చూస్తా ఉండు" అని గర్వంగా ఒక మీట నొక్కాడు. చూస్తే ఏముంది, మకారం మొదట్లోకి వచ్చింది, అకారం ఎక్కడో చివర పడింది, కకారం నాలుగు ముక్కలై నాలుగు చోట్ల తేలింది. తెర మీద మనకు కనిపించేది తెలుగే అయినా, ఆ రోజుల్లో లోపల యంత్రం కంటికి అవన్నీ ఇంగ్లీషు అక్షరాలేనట, వాటి లెక్కన సర్దిందట. పైగా పాత వరుసను దాచుకోకుండానే ఫ్లాపీలోకి ఎక్కించేశాడు. పేర్లు ఒకచోట, వివరాలు ఒకచోట పడ్డాయి. విశ్వవిద్యాలయానికి గ్రంథం ఇవ్వాల్సిన ఆఖరు తేదీ మూడు వారాల్లో ఉంది. ఆ మేడ మెట్ల మీద కూర్చుని ఏడ్చినంత పని చేశాను.

కాగితం చీటీల మీద ఒక్కొక్క పుస్తకం రాసుకుని నాయన ఇంటి వసారాలో పరిచి సర్దబోయాను. మా ఇల్లూ నాయన ఇల్లూ రెండు వీధుల దూరం, మా ఇంట్లో అంత చోటు లేదు. గాలి వచ్చి చీటీలన్నీ కలిపేసింది, వాటి వెనక నేనూ అమ్మా కోడిపిల్లల్ని పట్టినట్టు పరుగెత్తాం. నాయన మంచం మీద నుంచి చూసి చూసి నవ్వి, "కాయితం ఎగిరిపోతాది గానీ, పలక యాడికి పోతాదమ్మా?" అన్నాడు. మర్నాడు ఎవరినో బతిమాలి సైకిలు మీద రెండు గోనెసంచుల పలకలు తెప్పించాడు. అంచు విరిగినవి, సన్నని పగుళ్ళు పడి చట్రానికి పనికిరానివి. ఇంట్లో ఏళ్ళుగా అటక మీద పడి ఉన్న తన పలకలు కూడా వాటిలో కలిపాడు.

ఒక్కో పలక మీద ఒక్కో పుస్తకం బలపంతో రాశాను. పుస్తకాలకు ఇంటిపేరు ముందు, మనుషుల జాబితాకు పేరే ముందు, ఎందుకంటే కార్ఖానాలో ఎవరి ఇంటిపేరు ఎవరికీ తెలియదు. నేను రాసి ఇస్తుంటే నాయన మోకాళ్ళ మీద కూర్చుని మొదటి అక్షరం చూసి వసారాలో వరుసలు పేర్చేవాడు. అ నుంచి హ వరకు ఆ వరుసలు వసారా దాటి గుమ్మం దాకా పాకాయి. 'క'లో ఇంతమందా అని ఆశ్చర్యపోయేవాడు. గుణింతం దగ్గర తడబడితే నన్ను పిలిచేవాడు. దగ్గు వస్తే పలకల మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకునేవాడు. నాయన అంత ఇష్టంగా పని చేయడం నేను చిన్నప్పటి తర్వాత మళ్ళీ చూడడం అప్పుడే. పుస్తకాలు అయ్యాక మనుషుల పలకలు రాశాను. తన స్నేహితుల పేర్లు ఒక్కొక్కటీ పైకి చదివి, వీడు కూడా బుక్కులోకి ఎక్కినాడే అని మురిసిపోయి వాటి చోట పెట్టాడు. ఆ రోజు అన్నం కూడా ఆలస్యంగా తిన్నాడు.

మర్నాడు నేను కాలేజీ నుంచి వచ్చి వరుసలన్నీ సరిచూసుకుంటూ పోతే, మనుషుల జాబితాలో 'ర' దగ్గర ఉన్న ఇద్దరి మధ్యలో ఒక రాయని పలక కనబడింది. దాని మీద రెండు అడ్డగీతలు, మధ్యగా ఒక నిలువు గీత. అది నాయన గుర్తు అని నాకు తెలియక కాదు. గోనెసంచుల్లో అట్లాంటి గుర్తు పలకలు వేరేవాళ్ళవి కూడా రెండు మూడు వస్తే అంతకుముందే ఏరి పక్కన పెట్టాను. ఇదీ నాయన పాత దొంతరలోది కలిసిపోయింది అనుకుని తీసి గోడకు ఆనించాను. రెండు రోజుల తర్వాత పలకలన్నీ వరుస చెదరకుండా సంచులకెత్తి సెంటరుకు తీసుకుపోవాలని కూర్చుంటే, అదే పలక మళ్ళీ అదే చోట ఉంది. నాకు తొందర, ఆటో బయట హారను కొడుతోంది. నవ్వుతూనే అన్నాను, "ఏంది నాయనా, ఈ ఉత్త పలక మళ్ళా ఈడ్నే పెట్టినావు, కండ్లు కనపడటం లేదా?" అని. నాయన నా వైపు ఒకసారి చూసి, "అవునమ్మా, కనపడలే" అన్నాడు. నేను దాన్ని తీసి గోడకు ఆనించి ఆటో ఎక్కాను.

బజారులో గోనెసంచులు దించుతుంటే, మేడమక్కకు పలకల లోడు వచ్చిందని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సెంటరన్న పలక తర్వాత పలక ముందు పెట్టుకుని, కరెంటు పోయినప్పుడల్లా తిట్టుకుంటూ, నాలుగు రోజుల్లో పట్టిక పూర్తి చేశాడు. గ్రంథం సకాలంలో అందింది. నల్ల అట్టకు బంగారు అక్షరాల బైండు చేయించిన ప్రతి ఒకటి తెచ్చి నాయన పక్కన కూర్చుని అంకితం పేజీ చదివి వినిపించాను, నా తల్లిదండ్రులకు అని. "సరేమ్మా" అన్నాడు. తర్వాత పుస్తకం తన చేతుల్లోకి తీసుకుని, వెనక నుంచి పేజీలు తిప్పి, మనుషుల జాబితా దగ్గర ఆగి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ కిందిదాకా చదివాడు. 'ర' దగ్గర వేలు కొంచెంసేపు నిలిచింది. స్నేహితుల పేర్లు చూసుకుంటున్నాడనుకున్నాను. పుస్తకం మూసి నా చేతికిచ్చి, బాగుందమ్మా అన్నాడు. నాకు మౌఖిక పరీక్ష జరగకముందే, దగ్గు ఎక్కువై, ఒక మధ్యాహ్నం పోయాడు.

డిగ్రీ వచ్చిన రోజు స్వీట్లు తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ డబ్బా తీసుకుని పక్కన పెట్టి, అటక మీద నుంచి పాత పంచె ముక్కలో చుట్టిన పలక ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "మీ నాయన దీన్ని రెండుసార్లు ఆ వరసలో పెట్టినాడు. రెండుసార్లూ నువ్వే తీసినావు" అన్నది. అమ్మ కోపంగా అనలేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. మరి నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా అని అరిచాను. "చెప్పబోతే నన్ను కసిరినాడు. పిల్ల చదువుకున్నది, అట్ల పెట్టగూడదేమో, దానికి తెలుసులే అన్నాడు" అన్నది.

నాకు తెలుసు. నాకు తెలియనిదేముంది? 'ర' వరుసలో ఎందుకు పెట్టాడో తెలియకపోవడానికి నాయన పేరు నాకు తెలియదా? ఆయన పేరు మొదటి అక్షరం రకారమే. రాయడం రాని మనిషి, ఇరవై ఆరుగురు స్నేహితుల పేర్లు తన చేతులతో సర్దిన మనిషి, నోరు తెరిచి నా పేరేదమ్మా అని అడగడం చేతకాక, తనకు తెలిసిన ఒకే ఒక్క రాతతో అడిగాడు. పైపలక తీసి పక్కన పెడితే ఎంత అవమానమో మూడో అధ్యాయంలో నాలుగు పేజీలు రాసినదాన్ని, ఆయన పలకను ఆయన కళ్ళముందే రెండుసార్లు తీశాను, రెండోసారి నవ్వుతూ తీశాను. అంకితం ఇచ్చాను కదా అని నన్ను నేను ఎన్నోసార్లు సముదాయించుకోబోయాను. అంకితం కూతురు తండ్రికి ఇచ్చుకునేది. జాబితాలో పేరు పనివాడికి అతని పనిని బట్టి రావలసినది. ఆ రెండోది నాయనకు నేను ఇవ్వలేదు.

నా గ్రంథం ప్రతి విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఏదో బీరువాలో ఉంటుంది. ఫ్లాపీలు చెడిపోయి చాలాకాలమైంది, సెంటరన్న ఇప్పుడు ఆ మేడ మీద సెల్‌ఫోన్లు అమ్ముతున్నాడు. పిల్లలు బడిలో పలక పట్టడం మానేశారు, నాయన కూర్చున్న షెడ్డు రేకులు ఎవరో విప్పుకుపోయారు. ఆదివారం సాయంత్రం మా కోడలు అందరికీ టీ ఇచ్చాక, మేనకోడల్ని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను, నా పేరు తీసేసి మీ తాత పేరు పెట్టమ్మా, నేను నీకు చెప్పిన ప్రతి మాటా ఆయనదే అని. పిల్ల నా చేయి పట్టుకుంది. "తాతతో నేను మాట్లాడలేదు గదత్తా. రికార్డింగు లేకుండా పేరు పెడితే ఒప్పుకోరు" అన్నది. నియమం సరైనదే, నేను ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, కాదనలేను. నా కాలంలో మనిషి ఉన్నాడు గానీ జాబితాలో సొంతవాళ్ళకు చోటు లేదు. దాని కాలంలో మేనత్త అని బంధుత్వం రాసి మరీ పేరు పెట్టుకోవచ్చు గానీ ఇప్పుడు మనిషి లేడు. పిల్ల పొరపాటేమీ లేదు. చీకటి పడకముందే కంభం బస్సు ఎక్కించి వచ్చాను.

నా గదిలో పుస్తకాల అలమారలు రెండున్నాయి. పాత అలవాటు పోక రచయితల పేర్లను బట్టి అకారాది క్రమంలోనే సర్ది ఉంచాను. రెండో అలమారలో, 'ర' దగ్గర, రెండు పుస్తకాల మధ్య ఆ పలకను నిలబెట్టాను. దుమ్ము దులిపేటప్పుడు మా కోడలు, ఇదేదో ఉత్త పలక ఇందులో కలిసిపోయిందనుకుని, తీసి గోడకు ఆనించి పెడుతుంది. నేను ఆమెను ఏమీ అనను. ఆమె అటు వెళ్ళాక లేచి, దాన్ని మళ్ళీ దాని చోట పెడతాను.